వాగులో మొసళ్ళు: పిల్లల హాకీకి ఒక మంచి పాసింగ్ ఆట

ఇద్దరిద్దరిని ఎదురెదురుగా నిలబెట్టి పాస్‌లు ఇప్పించే ప్రాక్టీసు నేను చాలా కాలం చేయించాను. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, బంతి ఇటు నుంచి అటు గీత గీసినట్టు పోతుంది, స్టిక్‌కి తగిలే టక్ టక్ చప్పుడు గ్రౌండంతా వినిపిస్తుంది. అదే పిల్లల్ని పది నిమిషాల తర్వాత మ్యాచ్‌లోకి దింపితే ఆ పాస్‌లన్నీ ఎటు పోయాయో తెలియదు. బంతి దొరకగానే తల దించుకుని ఒకటే పరుగు, లేదంటే తిన్నగా అవతలి జట్టు స్టిక్‌లోకే పాస్. ఎందుకిలా అవుతోందని చాలా రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక అర్థమైంది: ఆ జంటల ప్రాక్టీసులో చేతులు నేర్చుకుంటున్నాయి గానీ కళ్ళు ఏమీ నేర్చుకోవట్లేదు. బంతిని మధ్యలో కొట్టేసేవాళ్ళు ఎవరూ లేనప్పుడు తల ఎత్తి చూడాల్సిన పనేముంది?

సరే మధ్యలో ఒకరిని పెడదామని దొంగాట మొదలుపెట్టాను. చుట్టూ నలుగురు, మధ్యలో ఒక దొంగ, ఎవరి పాస్ దొరికిపోతే తర్వాత వాళ్ళే దొంగ. అందరికీ తెలిసిన ఆటే, పిల్లలు అడిగి మరీ ఆడతారు. కానీ దీంట్లో ఒక లోపం ఉంది, అది నాకు ఆలస్యంగా కనబడింది. కొత్తగా చేరిన ఒక తొమ్మిదేళ్ళ అబ్బాయికి పుష్, అంటే స్టిక్ వెనక్కి ఎత్తకుండా బంతిని నేల మీద నెట్టడం, ఇంకా కుదరలేదు, వాడిచ్చిన పాస్ ఇచ్చినట్టే దొరికిపోయేది, దాంతో ఆట మొదలైన దగ్గర్నుంచీ దాదాపుగా వాడే దొంగ. అటూ ఇటూ ఉరికీ ఉరికీ అలిసిపోయి, ఎలాగో ఒకసారి బయట నిలబడే వంతు వచ్చాక, బంతి తన వైపు వస్తుంటే వాడు ఒక అడుగు వెనక్కి వేశాడు. పాస్ తీసుకోకూడదని. ఆ ఒక్క అడుగు చూశాక ఆ ఆటను అలాగే కొనసాగించడానికి నాకు మనసొప్పలేదు. పాస్ ఎవరికి ఎక్కువ నేర్పాలో వాళ్ళకే బంతి తక్కువ అందుతోంది. పైగా మధ్యలో నిలబడటం ఒక శిక్షలా తయారైంది. ఎదుటివాళ్ళ పాస్‌ని మధ్యలో తెంపడం హాకీలో ఎంత గొప్ప విద్యో తెలిసిన మనమే దాన్ని పిల్లలకి శిక్షగా పరిచయం చేస్తే ఎలా?

అందుకే ఆటను మార్చి కట్టాను. పేరు మాత్రం పిల్లలే పెట్టారు, వాగులో మొసళ్ళు.

ఎనిమిదిమంది ఉంటే సరిగ్గా సరిపోతుంది. మార్కర్లతో 12 మీటర్ల వెడల్పు, 21 మీటర్ల పొడవు ఉన్న ఒక దీర్ఘచతురస్రం గీసుకోండి. పొడవులో రెండు చివర్లా 8 మీటర్ల చొప్పున రెండు గట్లు, మధ్యలో మిగిలిన 5 మీటర్లు వాగు. ఒక్కో గట్టు మీద ముగ్గురు, వాగులో ఇద్దరు మొసళ్ళు. గట్ల మీద ఉన్న ఆరుగురూ ఒకే జట్టు, బంతిని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి, మళ్ళీ ఇటుకి దాటిస్తూ ఉండాలి. మొసళ్ళు వాగు దాటి గట్టెక్కకూడదు, స్టిక్ కూడా గీత దాటకూడదు. గట్టు మీద వాళ్ళు నీళ్ళలో కాలు పెట్టకూడదు. దాటించే ముందు తమ గట్టు మీద కనీసం రెండు పాస్‌లు ఇచ్చుకోవాలి, అయితే ఎంతసేపైనా ఇచ్చుకుంటూ కూర్చోవడానికి లేదు, మొసళ్ళు గట్టిగా ఒకటి నుంచి పది దాకా లెక్కపెడతారు, పది అయ్యేలోపు బంతి నీళ్ళ మీదుగా పోవాల్సిందే. ఆ లెక్క పెట్టే గొంతులు ఏడుకి, ఎనిమిదికి వచ్చేసరికి గట్టు మీద పుట్టే టెన్షన్ ఉంది చూశారా, అదే మ్యాచ్‌లో మీద పడే డిఫెండర్ పుట్టించే టెన్షన్‌కి చిన్న రూపం.

బంతి శుభ్రంగా అవతలి గట్టు మీద ఆగితే గట్టు వాళ్ళకి ఒక పాయింట్. మొసలి స్టిక్ తగిలి బంతి దారి తప్పితే మొసళ్ళకి ఒకటి, పూర్తిగా ఆపి తమ అదుపులోకి తెచ్చుకుంటే రెండు. మొసలి కాలికి తగిలితే మాత్రం గట్టు వాళ్ళకే పాయింట్, ఎందుకంటే హాకీలో కాలితో ఆపడం తప్పు, ఆ అలవాటు చిన్నప్పుడే పోవాలి. పాస్ ఎవరిది పోయినా ఎవరూ స్థానం మారరు. రెండు నిమిషాలకు విజిల్, మొసళ్ళ జంట మారుతుంది. నాలుగు జంటలు కాబట్టి ఎనిమిది నిమిషాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది, ఏ జంట రెండు నిమిషాల్లో ఎక్కువ పాయింట్లు తెచ్చిందో వాళ్ళది ఆ రోజు వాగు. ఇలా మార్చిన మొదటి రోజే "ముందు మేము మొసళ్ళం" అని పోట్లాట మొదలైంది, నాకు కావలసింది అదే.

ఏడుగురే వస్తే ఒక్క మొసలి చాలు. పదిమంది అయితే నాలుగూ నాలుగూ రెండు. అంతకంటే ఎక్కువమంది ఉంటే ఇంకో వాగు గీయండి గానీ లైన్లో నిలబెట్టి వంతు కోసం ఎదురుచూడనివ్వకండి, ఆ వయసు పిల్లలకి నిలబడటం కంటే పెద్ద శిక్ష లేదు.

జాగ్రత్తల సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఆటలో పుష్ ఒక్కటే, స్టిక్ వెనక్కి ఎత్తి కొట్టే హిట్‌లు వద్దే వద్దు. అసలు హాకీ బంతి 156 నుంచి 163 గ్రాములు ఉంటుంది, రాయిలా గట్టిగా ఉంటుంది, 5 మీటర్ల దూరంలో అది లేచి ఎముకకి తగిలితే పిల్లవాడు ఆటంటేనే భయపడిపోతాడు. ఆట నియమాల్లో కూడా 5 మీటర్ల లోపున్న ఎదుటి ఆటగాడి మీదికి బంతిని లేపి కొట్టడం ప్రమాదకరం కిందే లెక్క. కాబట్టి బంతి నేల విడిచి లేస్తే పాయింట్ మొసళ్ళకి. ఎనిమిదేళ్ళ లోపు వాళ్ళయితే తేలికైన మెత్తటి బంతి వాడండి. షిన్ గార్డులు, మౌత్ గార్డు లేకుండా ఎవరినీ వాగులోకి దించొద్దు, "ఇవాళ మర్చిపోయాను" అంటే ఆ రోజుకి స్కోరు రాసే పని ఇవ్వండి.

ఇక అసలు విషయం, మొసలి ఏం నేర్చుకుంటుంది అనేది. మొదటి పది నిమిషాలు మొసళ్ళు బంతి ఎటు పోతే అటు ఉరుకుతారు, కుడివైపు పాస్ ఇస్తే కుడికి, ఎడమకిస్తే ఎడమకి. ఉరికేకొద్దీ దొరకదు, ఎందుకంటే బంతి ఎప్పుడూ కాళ్ళకంటే వేగంగా పోతుంది. కాసేపటికి ఆయాసం వచ్చి ఆగుతారు చూడండి, అప్పుడు మొదలవుతుంది చదువు. వాగులో మొసలికి ఉండేది స్థానబలం. మోకాళ్ళు వంచి, స్టిక్ తల నేలకి దగ్గరగా పెట్టుకుని, చేయి చాపి స్టిక్‌ని నేల మీద పరిచేందుకు సిద్ధంగా ఉన్న పదేళ్ళ పిల్ల ఒక్క అడుగు వేసి ఎంత మేర మూసేయగలదో ఒకసారి గ్రౌండ్ మీద సుద్దతో గీసి చూపించండి, పిల్లలు నోరు తెరుస్తారు. అదే పిల్ల నిటారుగా నిలబడి స్టిక్ నడుము దగ్గర పట్టుకుంటే, కిందికి వంగేలోపు బంతి అవతలి గట్టెక్కేస్తుంది.

ఇద్దరు మొసళ్ళు ఎలా నిలబడాలన్నది ఇంకా ఆసక్తికరం. ఒకే వరసలో పక్కపక్కన నిలబడితే మధ్యలో సందు నుంచి బంతి జారిపోతుంది, పోయాక ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ఒకరు బంతి ఉన్న వైపు కాస్త ముందుకు, రెండో వాళ్ళు కాస్త వెనక్కి ఏటవాలుగా ఉంటే, ముందు మొసలిని తప్పించుకున్న పాస్ వెనక మొసలి దగ్గరికే వస్తుంది. బంతి గట్టు మీద అటు మారినప్పుడల్లా ఈ ఇద్దరి ముందూ వెనకా కూడా మారాలి. నేనిది చెప్పి నేర్పలేదు, "మీ ఇద్దరి మధ్య నుంచి మూడుసార్లు పోయింది కదా, ఎలా ఆపుతారు?" అని అడిగి ఒక అర నిమిషం వాళ్ళకే వదిలేశాను. మాట్లాడుకుని వాళ్ళే కనిపెట్టారు. నేను చెప్పి ఉంటే వారంలో మర్చిపోయేవాళ్ళు.

స్టిక్ సంగతి తెలిస్తే ఇంకో గుట్టు తెలుస్తుంది. హాకీ స్టిక్‌కి చదునైన ముఖం ఒకవైపే ఉంటుంది, ఎడమ చేతివాటం వాళ్ళకి వేరే స్టిక్ అంటూ ఉండదు, అందరూ ఎడమ చెయ్యి పైన, కుడి చెయ్యి కింద పట్టుకోవాల్సిందే. అందువల్ల ఎవరికైనా కుడిపక్క వచ్చే బంతిని ఆపడం తేలిక, ఎడమపక్క వస్తే స్టిక్ తిప్పి రివర్స్‌లో ఆపాలి, అది కష్టం. పాస్ ఇచ్చేటప్పుడు కూడా తన ఎడమవైపుకి పుష్ చేయడం సులువు, కుడివైపుకి ఇవ్వాలంటే కాళ్ళు, భుజాలు తిప్పుకోవాలి. ఇప్పుడు ఇద్దరినీ ఎదురెదురుగా ఊహించుకోండి. పాస్ ఇచ్చేవాడి ఎడమ అంటే ఎదురుగా ఉన్న మొసలికి కుడి. అంటే ఇవ్వడానికి ఏ పాస్ తేలికో, కొట్టేయడానికి కూడా అదే తేలిక! ఈ ముక్క పిల్లలకి నేల మీద నిలబెట్టి చూపించిన రోజు గట్టు మీద వాళ్ళంతా కుడివైపు పాస్ నేర్పమని నా వెంటపడ్డారు. కాళ్ళు తిప్పుకోవడం, బంతిని కుడికాలి వెనక్కి రానిచ్చి అక్కణ్నుంచి నెట్టడం, నెలలు పట్టే పాఠం ఇది, అవసరం తెలిశాక పదిరోజుల్లో తేడా కనిపించింది.

గట్టు వాళ్ళకి నేర్పాల్సినవి ఇంకా ఉన్నాయి. మెల్లగా ఇచ్చిన పాస్ మొసలి నోట్లో పెట్టినట్టే, కాబట్టి పుష్‌లో బలం ఉండాలి, ఆ బలం చేతుల్లోంచి కాకుండా కాలి అడుగులోంచి, ఒంటి బరువులోంచి రావాలి. అవతలి గట్టు మీద నిలబడ్డవాళ్ళు "నాకివ్వు నాకివ్వు" అని అరిస్తే సరిపోదు, చాలాసార్లు వాళ్ళు మొసలి వెనకాలే నిలబడి అరుస్తుంటారు. దీన్ని మేము మొసలి నీడ అంటాం. బంతికీ నీకూ మధ్య గీత గీస్తే ఆ గీత మీద మొసలి ఉంటే నువ్వు నీడలో ఉన్నట్టు, రెండడుగులు పక్కకి జరిగితే ఎండలోకి వచ్చినట్టు. "నీడలో ఉన్నావ్ రా, ఎండలోకి రా" అన్న ఒక్క మాట నేను ఇచ్చే లెక్చర్లన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. మ్యాచ్‌లో కూడా బయట్నుంచి అదే మాట అరుస్తాను, అవతలి జట్టుకి అర్థం కాదు, మా వాళ్ళు టక్కున జరుగుతారు.

ఇక గట్టు మీద అడ్డంగా ఇచ్చుకునే రెండు పాస్‌లు ఎందుకంటే, మొసళ్ళను కదిలించడానికి. బంతిని ఎడమ మూలకి పంపితే మొసళ్ళు ఎడమకి జరుగుతారు, అక్కణ్నుంచి వెంటనే మధ్యకి, మధ్యలో ఉన్నవాడు బంతి ఆపకుండానే ముందుకి నెట్టగలిగితే కుడివైపు తలుపు తెరిచి ఉంటుంది. మొదట్లో పిల్లలు ఆ రెండు పాస్‌లను పన్ను కట్టినట్టు కడతారు, పాస్ పాస్ అని ఇచ్చేసి తర్వాత ఆలోచిస్తారు. రెండో పాస్ బయల్దేరుతున్నప్పుడే మూడో పాస్ ఎటో చూసుకునే పిల్ల ఎప్పుడు కనిపిస్తుందా అని నేను కాచుకుని ఉంటాను. కనిపించినప్పుడు ఆట ఆపి అందరికీ చెప్తాను. ఆట ఆపేది ఆ ఒక్క కారణానికే, తప్పులకి ఆపను.

ఈ ఆట ఆడించడానికి ఇంత పట్టుదల ఎందుకంటే, హాకీలో ఆఫ్‌సైడ్ నియమం లేదు. 1998 నుంచి పూర్తిగా ఎత్తేశారు. ఫార్వర్డ్ ఒకరు అవతలి గోల్ దగ్గరే నిలబడి ఉన్నా తప్పు కాదు, వెనక నుంచి ఒక్క పాస్ మధ్యలో ఎవరికీ చిక్కకుండా పోయిందంటే చాలు, అంతమందినీ ఒక్కసారే దాటేసినట్టు. మైదానం 91.4 మీటర్ల పొడవు, 55 మీటర్ల వెడల్పు, దాన్నంతా పదకొండుమంది పరుగులతో మూసేయలేరు. దారులు చదవాలి. బంతి కోసం మీదపడి ట్యాకిల్ చేస్తే తప్పిపోవచ్చు, ఫౌల్ కావచ్చు, పడిపోవచ్చు. పాస్‌ని మధ్యలో తెంపినవాళ్ళు మాత్రం నిలదొక్కుకుని, మొహం ముందుకి పెట్టుకుని ఉంటారు, అవతలి జట్టంతా ముందుకు కదిలి ఉంటుంది, ఎదురు దాడికి అంతకన్నా మంచి క్షణం దొరకదు.

వాగు అలవాటయ్యాక కొన్ని మార్పులు చేయండి. ఒక మొసలికి గట్టెక్కే అనుమతి ఇవ్వండి, బంతి ఉన్న గట్టు మీద ముగ్గురికి ఒకరు అవుతారు, వాగులో ఒక్కరే మిగులుతారు, గట్టు మీది మొసలి ఎటు నుంచి తరిమితే పాస్ ఎటు వస్తుందో వాగులో మొసలి ముందే ఊహించాలి. నాకు అన్నిటికన్నా ఇష్టమైన మార్పు ఇదే, ఇద్దరు డిఫెండర్లు మాట లేకుండా మాట్లాడుకోవడం ఇక్కడ పుడుతుంది. పన్నెండేళ్ళు దాటిన వాళ్ళకైతే వాగుని 8 మీటర్లు చేయండి, గట్టు మీద ఒక్కొక్కరు బంతిని రెండుసార్లకు మించి తాకొద్దనండి. రెండు బంతులు పెట్టి ఆడించడం కూడా ప్రయత్నించాను, గోల తప్ప ఏమీ నేర్చుకోలేదు, మానేశాను. ఆట మరీ మొసళ్ళదే అయిపోతుంటే వెడల్పు పెంచండి, గట్టు వాళ్ళదే అయిపోతుంటే తగ్గించండి. ఒకసారి నేను వెడల్పు 20 మీటర్లు పెట్టాను, మొసళ్ళకి రెండు నిమిషాల్లో ఒక్క బంతీ తగల్లేదు, మూడో జంట వచ్చేసరికి లెక్కపెట్టడం కూడా ఆపేశారు. గొంతులు తగ్గాయంటే కొలతలు మార్చాలని గుర్తు.

మా దగ్గర ఒక అమ్మాయి ఉంది, పరుగులో అందరికన్నా వెనక. జట్లు పంచుకునేటప్పుడు చివరిదాకా మిగిలిపోయేది. మొసలిగా మూడో రోజు, రెండు నిమిషాల్లో నాలుగు బంతులు తీసింది, నాలుగూ పూర్తిగా ఆపి. ఉరకలేదు, ఒక్కో బంతికి ఒకే ఒక్క అడుగు, స్టిక్ నేల మీద పరిచిన చప్పుడు, అంతే. ఎలా తెలుస్తోంది నీకు అని అడిగాను. సాధారణంగా నేను పిల్లలకి, కళ్ళు చూడొద్దు, కళ్ళు మోసం చేస్తాయి, ఎడమ భుజం ఎటు తిరిగిందో చూడు, కుడి చెయ్యి స్టిక్ మీద కిందికి జారిందో లేదో చూడు, తల బంతి మీదికి వంగిన ఆ క్షణంలో అడుగు వెయ్యి అని చెప్తుంటాను, అదేదో చెప్తుందనుకున్నాను.

"వాడు దాటించే ముందు ప్రతిసారీ నాలుక కొంచెం బయటపెడతాడక్కా" అంది, నెమ్మదిగా, వాడికి వినపడకుండా. "గట్టు మీద ఇచ్చేటప్పుడు పెట్టడు. దాటించేటప్పుడే."

నేను అన్ని నెలలుగా ఆ అబ్బాయి పాస్‌లు చూస్తున్నాను, చేతులూ కాళ్ళూ సరిదిద్దుతున్నాను, ఆ నాలుక నా కంట పడనేలేదు. ఆ రోజు నుంచి ప్రతి జంటనీ వాగులోంచి బయటికి రాగానే అడుగుతున్నాను, ఎవరి దగ్గర ఏం కనిపెట్టారని. ఒకడు పాస్‌కి ముందు ఊపిరి బిగబడతాడట. ఒకమ్మాయి ఎటు ఇవ్వబోతోందో అటు ఒక్కసారి కూడా చూడదట, ఎటు చూడట్లేదో అటే వస్తుందట.

నాలుక సంగతి దాగలేదు, రెండు వారాల్లో వాడికి తెలిసిపోయింది. మొన్న వాగులో అదే అమ్మాయి, గట్టు మీద వాడు, లెక్క ఎనిమిది దాకా వచ్చింది. వాడు ఎడమవైపు తిరిగి, తల వంచి, నాలుక బాగా బయటపెట్టాడు. ఆ అమ్మాయి అడుగు వేసి స్టిక్ పరిచేసింది. వాడు బంతిని నెట్టలేదు, ఒక్క బెత్తెడు కుడికి లాక్కుని, కాళ్ళు తిప్పి, ఆమె రివర్స్ పక్క నుంచి తిన్నగా అవతలి గట్టుకి పంపాడు. నేల మీద ఇంకా వంగే ఉన్న ఆ అమ్మాయి తల తిప్పి బంతిని చూసి, వాడిని చూసి, పకపకా నవ్వి, లేచి మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.